లోయలో మిగిలిన మూడు రంగులు

లిపొవెత్స్ లోయలోకి ఒకటే దారి. ఆ దారికి అడ్డంగా ఒక కర్ర, ఆ కర్రకి ఒక తాళం. తాళంచెవి ముప్ఫై ఏడేళ్ళ పాటు పొలొన మెడలోనే ఉంది, ఇత్తడి గొలుసుకి. మనుషులు, ఆవులు, కలప లారీలు ఎన్నయినా రావచ్చు, పోవచ్చు. ఆపాల్సింది ఒక్క తేనెటీగని. లారీ వెనక పట్టా ఎత్తి చూసేది, పెళ్ళికొచ్చిన చుట్టాల కారు డిక్కీ తీయించేది, ఒకసారైతే కొత్తగా వచ్చిన పాదిరిగారి పెట్టె కూడా విప్పించింది. ఆయన లోదుస్తులు తప్ప అందులో ఏమీ లేవని వారం రోజులు ఊరంతా నవ్వుకున్నారు. పొలొన నవ్వలేదు. నవ్వడం ఆమె ఉద్యోగంలో లేదు.

నేను ఆ ఊరి బళ్ళో పంతులమ్మని. ఇక్కడ రాస్తున్నదాంట్లో సగం నా కళ్ళతో చూసింది, మిగతా సగం పొలొన నా వంటింట్లో కూర్చుని చెప్పింది. రాయమని కూడా తనే చెప్పింది, కాకపోతే తను ఉద్యోగం దిగాక.

రాణీ ఈగ పెళ్ళి ఆకాశంలో జరుగుతుంది. ఎవర్ని చేసుకోవాలో పెంచేవాడు చెప్పలేడు. అందుకని చుట్టూ కొండలున్న లోయ చూసుకుని, అందులో తమకి కావలసిన పోతుటీగలు తప్ప వేరేవి లేకుండా చేస్తారు. కన్యరాణుల్ని చిన్న చిన్న పెట్టెల్లో పెట్టి మైదానంలో వదులుతారు. అవి ఎగిరి, పదిమందినో పదిహేనుమందినో కలిసి, తిరిగొచ్చి గుడ్లు పెడతాయి. వాటి వీపు మీద రంగుచుక్క పెట్టి, చీటీ అంటించి, అగ్గిపెట్టెంత పంజరంలో పోస్టు చేస్తారు, ఆస్ట్రియాకి, జర్మనీకి. మా లోయ రాణులంటే బూడిదరంగువి, నెమ్మదైనవి అని పేరు. ఆ పేరు నలభై ఏడో నంబరు రాణిది. యాభై ఎనిమిదిలో ఈ రాణుల్ని పెంచే కేంద్రం ఆమె పేరున బంగారు పతకం తెచ్చుకుంది. అప్పట్నుంచి లోయలో పుట్టిన ప్రతి రాణీ ఆమె కూతురో మనవరాలో అయితే తప్ప మేనేజర్ మ్రాక్ ఒప్పుకునేవాడు కాదు. పోతుటీగల్ని ఇచ్చే పన్నెండు పెట్టెల్లోనూ ఆమె సంతతి రాణులే. చుట్టూ రేఖ గీసి అందులో ఇంట్లోవాళ్ళకి ఇంట్లోవాళ్ళనే ఇచ్చుకోవడాన్ని ఆయన శుద్ధి అనేవాడు.

పొలొన పుట్టింది ముప్ఫై ఏడులో. తల్లి యుస్తినా రంపపు మిల్లు యజమాని ఇంట్లో పనిమనిషి. చర్చి పుస్తకంలో తండ్రి పేరు రాయాల్సిన చోట అడ్డగీత ఉంది. ఆ గీత ఎవరిదో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు, అయినా తెలియనట్టే ఉంటారు. గీతకి ఇటువైపున్న ఆడదాన్ని పనిలోంచి తీసేశారు. అటువైపున్న మగాడు చర్చిలో ముందు వరసలోనే కూర్చున్నాడు. పొలొనని పెంచింది తాత లోవ్రో, తన ఈగల కొట్టంలో, పెట్టెల మధ్య పాతగొంగళి పరిచి. యుద్ధం అయ్యాక తాత ఈగలు సహకార సంఘానివయ్యాయి. సంఘం వాటితో రాణుల కేంద్రం పెట్టింది. తాత పోయాక పదహారేళ్ళ పొలొనని పనిలోకి తీసుకుని, అడ్డుకర్ర పక్కనున్న రెండు గదుల ఇల్లిచ్చింది. ఉద్యోగం ఉన్నంతకాలం ఇల్లుంటుంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఆమె లోయ దాటకూడదు, ఆ నెలల్లో కన్యరాణులు ఎగురుతాయి కాబట్టి. బయటివాళ్ళు లోపలికి రాకుండా చూసే మనిషి తనే బయటికి పోలేదు. యుస్తినా కాళ్ళు అప్పటికే వాచిపోయి ఉండేవి, మంచం నుంచి పొయ్యి దాకా నడవడమే గగనం. ఆ ఇంట్లోంచి ఆమెని ఎక్కడికి మోసుకెళ్తుంది?

అరవై తొమ్మిదిలో గాష్పెర్ అనే ముసలాయన కనుమ అవతలున్న కూతురి దగ్గర్నుంచి పొలొన కళ్ళుగప్పి రెండు పెట్టెలు తెప్పించి తన గడ్డివామి వెనక దాచాడు. ఆయన యుద్ధంలో కాలు పోగొట్టుకుని కర్రకాలితో నడుస్తాడు. ఊళ్ళోవాళ్ళ చెప్పులు కుడతాడు, ఎవర్నీ లెక్క చేయడు. పొలొన వామి దగ్గర ఈగల రాకపోకలు గమనించి, రూలు ప్రకారం మ్రాక్‌కి చెప్పింది. మ్రాక్ గంధకం డబ్బా ఆమె చేతికే ఇచ్చాడు. మధ్యాహ్నం ఎండలో, గాష్పెర్ గుమ్మంలో నిలబడి చూస్తుండగా, రెండు పెట్టెల ద్వారాలు మట్టితో మూసి లోపల గంధకం వెలిగించింది. మా ప్రాంతంలో గొడ్డు చస్తుంది, కుక్క చస్తుంది, మనిషీ తేనెటీగా మాత్రం చనిపోతారు. గాష్పెర్ అడిగాడట, ఎంతమంది చనిపోయారు, లెక్క రాసుకో, అని. ఆమె రిజిస్టరులో రెండు పెట్టెలు నాశనం చేయడమైనదని రాసింది. తర్వాత నాలుగేళ్ళు గాష్పెర్ ఆమెతో మాట్లాడలేదు. ఎదురైతే కర్రకాలు నేలకేసి రెండుసార్లు కొట్టి పక్కకి తిరిగి వెళ్ళిపోయేవాడు.

డెబ్భై మూడు మేలో ఉత్తరాలు మొదలయ్యాయి. మీ రాణులు అందంగా ఉన్నాయి, నెమ్మదిగా ఉన్నాయి, కాని పిల్లతుట్టె చూస్తే తూట్లు పడ్డ గుడ్డలా ఉందని జర్మనీ నుంచి ఒకాయన రాశాడు. రాణి గుడ్లు వరసగా పెడుతుంది, గదులకి మైనంతో మూతపడే వేళకి చూస్తే వాటిలో మూడో వంతు ఖాళీ. పనిచేసే ఈగలే తక్కువైతే తేనె తెచ్చేదెవరు? తర్వాత ఇంకో ఉత్తరం, ఇంకొకటి. మ్రాక్ పొలొనని ఆఫీసుకి పిలిచి, పెట్టెలు తెరిచి ఎక్కువసేపు పెడుతున్నావు, పిల్లలకి చలి తగులుతోంది, తిండికి పంచదార పాకం సరిగా పోయడం లేదు అన్నాడు. వచ్చే ఏడాది జూన్‌లో రాజధాని ల్యూబ్లియానా నుంచి తనిఖీ కమిటీ వస్తుంది, అప్పటికీ ఇలాగే ఉంటే ఆ ఇంట్లో వేరే మనిషిని పెట్టాల్సి వస్తుందని కూడా అన్నాడు.

తాత చెప్పినట్టు చేసింది. ఎవరైనా నిన్ను తప్పుపడితే నోరు తెరవకు, పెట్టె తెరువు అనేవాడట ఆయన.

గాజుపలక మీద పల్చటి కాగితం అంటించి, దాన్ని తుట్టెకి ఆనించి, గుడ్డున్న ప్రతి గదికీ పెన్సిలుతో చుక్క పెట్టింది. నూరు చుక్కలు. మర్నాడు మళ్ళీ, మూడోనాడు మళ్ళీ. గుడ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగోనాడు గుడ్డు పగిలి పురుగు బయటికొచ్చే రోజు. ఆ సాయంత్రానికి ముప్ఫై నాలుగు గదులు ఖాళీ. చనిపోయిన పురుగు లేదు, వాసన లేదు, మచ్చ లేదు. ఎవరో తుడిచి పెట్టినంత శుభ్రంగా ఉన్నాయి. ఆరు పెట్టెల్లో ఇలాగే చేసింది. ఆరింటిలోనూ మూడింట ఒకటి.

అప్పుడు ఆమె చేసిన పని మ్రాక్ ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ చేయలేదు. అదే పెట్టెల్లోంచి పోతుటీగల తుట్టె తీసి చూసింది. వాటి గదులు పెద్దవి, చట్రం చివర, అంచున ఉంటాయి. ఒక్కటి కూడా ఖాళీ లేదు. ఇటుకలు పేర్చినట్టు మూత మీద మూత.

కాగితాలు చుట్టి చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను అయ్డ గింజల పిండితో సంకటి కలుపుతున్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"చలైతే ముందు అంచున పోవాలి కదా టీచరమ్మా. అంచునున్నవి బతికాయి, నడిమధ్యనున్నవి పోయాయి. ఇదేం చలి? చలికి ఆడపిల్లంటేనే కోపమా?"

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మేడంకి ఆమె లెక్కలన్నీ రాసి ఉత్తరం వేశాను. రెండు వారాల్లో జవాబొచ్చింది, నాలుగు పేజీలు. ఇది కొత్త సంగతి కాదనీ, ఇరవై ఏళ్ళుగా తెలిసిందేననీ, రాణుల కేంద్రం నడిపే ఏ మేనేజరయినా ఈపాటికి చదివి ఉండాలనీ రాసింది.

ఆదివారం పొలొన ఇంటికి వెళ్ళాను. యుస్తినా కుట్టుపెట్టె అడిగి తీసుకుని బొత్తాలన్నీ బల్ల మీద పోశాను. ఈగలో ఉన్న సరుకంతా క్రోమోజోములనే మూటల్లో ఉంటుందని చెప్పాను. రాణికీ కూలి ఈగలకీ ముప్ఫై రెండు మూటలు. పదహారు తల్లివి, పదహారు తండ్రివి. రాణి గుడ్డు పెట్టేటప్పుడు దాని మీద మగబీజం విడిస్తే అది ఆడదవుతుంది. విడవకపోతే తల్లి ఇచ్చిన పదహారుతోనే పోతుటీగ పుడుతుంది.

"అంటే పోతుటీగకి తండ్రి లేడు," అంది పొలొన. ఈ ముక్క ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు, తాత చెప్పాడు. "తాత మాత్రం ఉంటాడు, తల్లికి తండ్రి ఉంటాడు కనక. బళ్ళో పిల్లలు నన్ను పోతుటీగ అని ఏడిపించేవాళ్ళు."

మంచం మీంచి యుస్తినా తల తిప్పింది. "నీకు తండ్రి లేడని ఎవరన్నారే? పేరు లేదంతే. మనిషి ఉన్నాడు, మొన్నటిదాకా మిల్లు పక్కనే పొట్టేసుకుని తిరిగాడు."

పొలొన మొదటిసారి నవ్వడం అప్పుడు చూశాను. తర్వాత బొత్తాల వైపు చూపించి, ఇవెందుకంది.

ఆడా మగా తేల్చేది ఆ మూటలన్నీ కాదు. ఒక మూటలో ఒకే ఒక్క చోటు. ఆ చోట ఒక బొత్తాం ఉందనుకో. తల్లి ఒకటిస్తుంది, తండ్రి ఒకటిస్తాడు. రెండూ వేరు వేరు రంగులైతే ఆడ ఈగ. ఒకటే బొత్తాం ఉంటే పోతుటీగ. మరి రెండు బొత్తాలూ ఉండి, రెండూ ఒకే రంగువైతే? గుడ్డు ఆ రెంటినీ ఒకటే అనుకుని మగదాన్ని కట్టడం మొదలుపెడుతుంది. కాని అది ఉండాల్సింది కూలి ఈగ గదిలో. పురుగు బయటపడగానే కూలి ఈగలు వాసన పట్టి తినేస్తాయి. అందుకే గది అంత శుభ్రం. పోతుటీగల తుట్టెలో ఒకటే బొత్తాం, జత కుదరడమన్న పేచీ లేదు కాబట్టి ఒక్కటీ పోదు.

ఆమె ఎర్ర బొత్తాం, తెల్ల బొత్తాం తీసి రాణి అంది. చుట్టూ పోతుటీగలకని ఎరుపు, తెలుపు, నలుపు పెట్టింది. మూడు పోతుల్లో రెండింటి రంగు రాణి దగ్గరున్నదే. అలాంటిదాంతో కలిస్తే సగం పిల్లలు పోతాయి. మొత్తం మీద మూడింట ఒకటి. కాసేపు వేళ్ళతో అటూ ఇటూ జరిపి లెక్క చూసుకుంది. బొత్తాల డబ్బాలో నీలం, పసుపు, ఆకుపచ్చ, ఎముకతో చేసినవి, ఇత్తడివి, నలభై రకాలున్నాయి. వాటినన్నిటినీ చేత్తో పక్కకి తోసేసింది.

"మొత్తం లోయలో మూడే రంగులు మిగిలాయి. మిగతావన్నీ కర్ర అవతల ఉన్నాయి. కర్రకి తాళం వేసింది నేను."

ఓదార్చడానికి నేనేదో అనబోయాను. ఆమె వినలేదు. అరవై తొమ్మిదిలో గాష్పెర్ పెట్టెలుంటే కనీసం రెండు రంగులు ఎక్కువుండేవి అంది, ఎవరితోనో కాదు, బొత్తాలతో.

మ్రాక్ దగ్గరికి ఆ కాగితాలు తీసుకెళ్ళింది. ఆయన చూశాడు. చాలాసేపు చూశాడని పొలొన చెప్పింది, అర్థం కాక చూసే చూపు కాదది. ఆయన వెనక అలమరలో, మా మేడం తన ఉత్తరంలో చెప్పిన జర్మన్ పత్రిక సంచికలు వరసగా ఉన్నాయట. బయటి ఈగల్ని తెస్తే నలభై ఏడో నంబరు వంశం అన్న మాట పోతుంది, పతకం పోతుంది, లోయ మూసి ఉంచినందుకు రాష్ట్రం ఇచ్చే హోదా పోతుంది. పదిహేనేళ్ళు తప్పు చేశామని ఒప్పుకునే మనిషి కావాలి. ఆ మనిషి తను కాదు.

"బళ్ళో అచ్చులు నేర్పే ఆవిడ చెప్తే నేను కేంద్రం నడపాలా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఒక కాగితం ముందుకి తోశాడు. పిల్లతుట్టె నష్టం నా అజాగ్రత్త వల్ల జరిగింది, మరొక్క అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను అని టైపు చేసి ఉంది. "సంతకం పెట్టు. జూన్ దాకా ఇల్లు నీదే. పెట్టకపోతే ఈ నెలాఖరు."

యుస్తినా మంచం ఆ ఇంట్లో ఉంది. పొలొన సంతకం పెట్టింది.

ఎందుకు పెట్టావని ఆ రోజు నేను ఆమె మీద అరిచాను. ఇప్పుడు సిగ్గుపడతాను. నాకు ప్రభుత్వ జీతం ఉంది, వేరే ఊరికి బదిలీ ఉంది, నా తల్లి నా చెల్లెలింట్లో ఉంది. ధైర్యంగా ఉండడం నాకు తేలిక. ఉద్యోగం పోతే ఇల్లు పోయే చోట మనిషి చేత ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించవచ్చు. అలాంటి ఇళ్ళు కట్టేది అందుకే.

ఆగస్టు మొదటి వారంలో ఆమె గాష్పెర్ ఇంటికి వెళ్ళింది. ఆయన గుమ్మంలో కూర్చుని చెప్పుకి అట్ట కుడుతున్నాడు. కర్రకాలితో రెండుసార్లు కొట్టాడు. ఆమె కదల్లేదు. మూడోసారి కొట్టాడు.

"ఏం దొరసానీ, ఇవాళ గంధకం మర్చిపోయి వచ్చావా?"

"నీ కూతురి ఈగలు కావాలి గాష్పెర్ మామా."

ఆయన సూది ఆపాడు. బొత్తాల సంగతి మొత్తం చెప్పింది. నిలబడే చెప్పింది, కూర్చోమని ఆయనా అనలేదు. అంతా విని, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు.

"నాలుగేళ్ళ కింద నేనూ ఇదే అన్నాను. నాకు బొత్తాలూ గిత్తాలూ తెలియవు. ఒకే ఇంట్లో పిల్లనిచ్చి పుచ్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి కాలేజీ మేడం ఎందుకు? అప్పుడు నువ్వు విన్నావా?"

"లేదు."

"మరి నేనెందుకు వినాలి?"

ఆమె వెనక్కి తిరిగింది. వెళ్ళిపోతుంటే వెనక నుంచి పిలిచాడు. పెట్టెలు వద్దన్నాడు, రోడ్డు మీద కనపడతాయి. రాణులు చాలు, పన్నెండు. రవికలో పడతాయి. మరియమ్మ పండగకి ఊరు మొత్తం కనుమ దాటి యాత్రకి పోతుంది కదా, గుంపులో పో, గుంపులో రా. "నాకు కాలుంటే నేనే తెచ్చేవాణ్ణి. నీకు రెండున్నాయి, సిగ్గు లేకపోయినా."

ఆగస్టు పదిహేనున పొలొన యాత్రకి బయల్దేరింది, ఇరవై ఏళ్ళలో మొదటిసారి. ఇంత భక్తి ఎప్పట్నుంచని ఆడవాళ్ళు వేళాకోళం చేశారు. అవతలి ఊళ్ళో పూజ అయ్యేలోగా గాష్పెర్ కూతురింటికి వెళ్ళింది. పన్నెండు పంజరాలు, ఒక్కోదాంట్లో ఒక రాణి, సేవకి ఆరు ఈగలు. గుడ్డలో చుట్టి రవిక కింద కట్టుకుంది. వాటికి వెచ్చదనం కావాలి, ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు కనుమ మీద అటవీ గార్డు సంచులు చూస్తున్నాడు. పొలొనని చూసి పళ్ళికిలించాడు. అందర్నీ నువ్వు వెతుకుతావు, ఇవాళ నీ సంచి నేను వెతుకుతానన్నాడు. ఆమె సంచి ఇచ్చింది. రొట్టె, ఉల్లిపాయ, పూజలో ఇచ్చిన కొవ్వొత్తి. గుండెల మీద డెబ్భై రెండు ఈగలూ పన్నెండు రాణులూ గుయ్యిమంటున్నాయి. వెనక నేనున్నాను. ఏం చేయాలో తోచక మరియమ్మ పాట ఎత్తుకున్నాను. నా గొంతు బాగుండదు, కాని ఆ పాట ఎవరెత్తుకున్నా ఆడవాళ్ళు ఊరుకోరు, అందరూ అందుకున్నారు. గార్డు టోపీ తీశాడు. ఆమె నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాత వారంలో పోతుటీగల పన్నెండు పెట్టెల్లోనూ పాత రాణుల్ని తీసేసింది. ప్రతిదాని వీపు మీదున్న చిన్న నంబరు బిళ్ళ గోటితో ఊడదీసి, లక్కజిగురుతో కొత్తదాని వీపుకి అంటించింది. నంబర్లు అవే, రాణులు వేరు. రంగు తేడా లేదు, అదే బూడిదరంగు. పాత రాణులు నలభై ఏడు మనవరాళ్ళు, తను చేతులతో పెంచినవి. వాటిని వేళ్ళతో నలిపింది. రిజిస్టరులో ఏమీ రాయలేదు. చేసిన పని రిజిస్టరులో రాయకపోవడం తన ఉద్యోగంలో అదే మొదటిసారట.

శీతాకాలం అంతా ఆమెకి నిద్ర లేదు. ఈగలు మంచు కింద ముద్దగా ఉంటాయి, ఎవరు బతికారో మార్చి దాకా తెలియదు. పదకొండు పెట్టెలు బతికాయి. మేలో కొత్త పోతుటీగలు లేచాయి, మధ్యాహ్నం మైదానం మీద ఆకాశం వాటి చప్పుడుతో దద్దరిల్లేది. జూన్‌లో కమిటీ వచ్చింది, ముగ్గురు. ఆ వసంతంలో ఎగిరొచ్చిన రాణుల పెట్టెల్లోంచి చట్రం తర్వాత చట్రం తీశారు. పిల్లతుట్టె ఇటుక గోడలా ఉంది. వంద గదుల్లో తొంభై మూడు మూతపడ్డాయి.

మ్రాక్ తడుముకోలేదు. అజాగ్రత్త సరిదిద్దుకుంది, పాకం వేళకి పోస్తోంది, మన నలభై ఏడో వంశంలో లోపం లేదని రుజువైందని చెప్పాడు. కమిటీలో పెద్దాయన పొలొన భుజం తట్టి, చూశావా అమ్మా, శ్రద్ధ పెడితే ఎంత తేడా అన్నాడు. ఆమె మెడలో తాళంచెవి పట్టుకుని నిలబడింది. నోరు తెరిస్తే అజాగ్రత్త మాట అబద్ధమని తేలుతుంది. అదే నోటితో రూలు తప్పిందనీ తేలుతుంది. ఇల్లు ఆ రెంటి మధ్యా ఉంది.

కథ ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది.

ఆ వసంతంలోనే గాష్పెర్ కూతురి దగ్గర్నుంచి ఒక పెట్టె తెప్పించుకుని వాకిట్లోనే పెట్టుకున్నాడు, దాచకుండా. పొలొన చూసి చూడనట్టు ఊరుకుంది. ఆమె గుట్టు తన చేతిలో ఉంది కాబట్టి ఇక తనకి భయం లేదనుకున్నాడాయన. ఆమెకీ అలాగే అనిపించింది. కాని జూలైలో అటవీ గార్డు చూసి మ్రాక్‌కి చెప్పాడు. శుద్ధి వల్లనే గెలిచామని కమిటీ ముందు అప్పుడే అన్న మ్రాక్, గంధకం డబ్బా మళ్ళీ పొలొన చేతికిచ్చాడు. ఆమె వెళ్ళనంటే ఎందుకు వెళ్ళవంటారు. అయిదేళ్ళ కింద వెళ్ళినదానివి ఇవాళ ఎందుకు జాలి అంటారు. తర్వాత ఎవరైనా ఒక రాణి వీపు మీద బిళ్ళ గోటితో గీకి చూస్తే చాలు.

నేనూ వెంట వెళ్ళాను. దారిలో ఆమె ఒక్క మాటే అంది, ఈ పెట్టెలో ఉన్నది మన పన్నెండింటి అప్పచెల్లెలు, అని.

గాష్పెర్ వాకిట్లో రెండు కుర్చీలు వేసి ఉంచాడు. గార్డు గేటు దగ్గర సాక్షిగా నిలబడ్డాడు. పొలొన డబ్బా చేతిలో పట్టుకుని పెట్టె ముందు ఆగిపోయింది. మూత తీయలేదు. గార్డు దగ్గాడు.

ముసలాయన కుంటుకుంటూ వచ్చి, ఆమె చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. గార్డుకి వినపడాలని గట్టిగా తిట్టాడు. "నా ఈగల మీద మళ్ళీ నీ చెయ్యి పడనిస్తానా? పో అవతలకి. నా వాళ్ళని నేనే పంపుకుంటాను." తర్వాత వంగి, ద్వారానికి మట్టి అద్దుతూ, నాకూ ఆమెకీ మాత్రమే వినపడేలా అన్నాడు. "ఒకటి పోతే పదకొండు ఉంటాయి. కూర్చో. ఏడవకు, వాడు చూస్తున్నాడు."

ఆమె కూర్చుంది. ఆయన గంధకం వెలిగించాడు. లోపలి రొద పెరిగి, సన్నబడి, ఆగిపోయేదాకా ముగ్గురం కదల్లేదు. గార్డు ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పదిహేనేళ్ళూ మూడేళ్ళకోసారి పొలొన మరియమ్మ పండగ యాత్రకి వెళ్ళింది. ఊళ్ళో ఆమెకి భక్తురాలని పేరొచ్చింది. మధ్యలో మరో ముగ్గురి పెట్టెలు పట్టుకోమని హుకుం వచ్చింది. ఇద్దరికి ముందే కబురు పంపి తీయించేసింది. మూడోది తప్పించలేకపోయింది. కేంద్రానికి ఇంకో పతకం వచ్చింది, దాని కింద మ్రాక్ పేరు చెక్కి ఉంది. గాష్పెర్ డెబ్భై తొమ్మిదిలో పోయాడు. కూతురి ఊళ్ళో పూడ్చడానికి తీసుకెళ్తున్న శవం వెంట ఆమె కర్ర దాకా నడిచి ఆగిపోయింది. మే నెల, దాటకూడదు.

తొంభైలో ఉద్యోగం దిగినప్పుడు, తను సంతకం పెట్టిన కాగితం తిరిగి ఇవ్వమని ఆఫీసులో అడిగింది. ఫైలులోది బయటికివ్వడం కుదరదన్నారు. అందులో ఆమె అజాగ్రత్త ఇప్పటికీ ఉంది. ఆమె పెన్సిలు చుక్కల కాగితాలు మాత్రం నా బీరువాలో ఉన్నాయి, ఆరు పెట్టెలవి, తారీఖులతో. ఎవరైనా ఫైలు తెరిస్తే ఇవి కూడా అడగండి, ఇస్తాను.

తాళంచెవి అప్పగించి వచ్చిన రోజు ఆమె మా వంటింట్లో అద్దం ముందు నిలబడి కాలర్ దించి చూసుకుంది. గొలుసున్న చోట మెడ చుట్టూ తెల్లటి గీత. అది ఎండకి కలిసిపోవడానికి రెండు వేసవులు పట్టింది.